నకలు లేని ఆస్తి

అరవై నాలుగేళ్ళ వయసున్నదాన్ని, పెద్దాసుపత్రిలో ముప్ఫై మూడేళ్ళు ఎక్స్‌రేలు తీసి రిటైరైనదాన్ని, ఊరంతా ఎక్స్‌రే అక్క అని పిలిచేదాన్ని అయిన నేను, మతి స్థిరంగా ఉండగా, ఎవరి బెదిరింపూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. రేపు ఉదయం నా గుండె కవాటానికి ఆపరేషన్. నా ఛాతీ ఫిల్మును డాక్టరు కన్నా ముందు నేనే వెలుతురుకు పెట్టి చూసుకున్నాను కాబట్టి నా దగ్గర ఎవరూ ఏమీ దాచలేకపోయారు. నేను తిరిగి ఇంటికి వస్తే ఈ కాగితం చెల్లదు, నా లాప్‌టాప్ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. రాకపోతే కింది అంశాలు అమలు కావాలి.

1. ఈ వీలునామాకు నిర్వాహకురాలిగా కట్ల సిస్టరును నియమిస్తున్నాను. విరిగిన చేతులకీ కాళ్ళకీ పిండికట్లు వేస్తూ నా పక్క గదిలో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా నా కుర్చీ వెనక నిలబడి, "ఇది ఆటా, టైపింగ్ పరీక్షా అక్కా?" అని అడిగేది. ఇప్పటికీ అడుగుతుంది. ఆట మీద ఆమెకు ఏ ఆశా లేదు కనుక ముట్టుకోదని నా నమ్మకం.

2. మా ఆయన లేత్ పనిముట్లు, చెక్కపెట్టెతో సహా, ఆయన దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు ఆయన లేత్ షెడ్డును నడుపుతున్న అతనికి చెందాలి. మా ఆయన కొలత వెంట్రుకవాసి తప్పినా అతికేవారు కాదు, కొత్త ముక్క బిగించి మళ్ళీ మొదలుపెట్టేవారు. ఆ సంగతి ఆయన శిష్యుడికి నేను చెప్పక్కర్లేదు. పెట్టెలో నూనె గుడ్డ మార్చాలి, అది చెప్పాలి.

3. మా విభాగం పెద్దాయనకు నా కుర్చీ మీది దిండును ఇస్తున్నాను. నా వీడ్కోలు సభలో మైకు పట్టుకుని, "అక్కయ్య ఇక ఇంట్లో కూర్చుని బొమ్మలాటలు ఆడుకుంటుంది" అని నలుగురినీ నవ్వించిన మహానుభావుడు. బొమ్మ అన్నది ఒక్కటీ లేని ఆట గురించి ఆ మాటన్నాడు. దిండు మెత్తగానే ఉంటుంది, నిక్షేపంగా కూర్చోవచ్చు.

4. ఇక అసలు ఆస్తి. దాని వివరం రాయకపోతే తీసుకునేవాళ్ళకు విలువ తెలియదు.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. అందులో చిన్న @ గుర్తు నేను. చుక్కలు నేల, అడ్డగీతలూ నిలువుగీతలూ గోడలు, చిన్న ఆర్ అక్షరం ఎలుక, పెద్ద డి అక్షరం డ్రాగన్, కనబడితే పరుగే పరుగు. ముప్ఫై అంతస్తుల అడుగున ఉన్న ఒక దీపాన్ని తీసుకుని, అన్ని మెట్లూ మళ్ళీ ఎక్కి బయటికి రావాలి. కథ అంతే. ఈ రకం ఆటలను ఆడేవాళ్ళు రోగ్‌లైక్‌లు అంటారు. మొదలుపెట్టిన ప్రతిసారీ గుహ కొత్తగా పుడుతుంది, నిన్నటి దారి ఇవాళ ఉండదు. చచ్చిపోతే మాత్రం చచ్చిపోయినట్టే, యంత్రమే ఆ ఆటను తుడిచేస్తుంది.

ముప్ఫై మూడేళ్ళు రోజుకు యాభై ఛాతీలు చూశాను. అందరికీ ఉండేవి పన్నెండు జతల పక్కటెముకలే, అయినా ఒకరి ఛాతీలాంటిది ఇంకొకరికి చూడలేదు. ఈ ఆట ముందు కూర్చున్నా నాకు అదే అబ్బురం.

పద్నాలుగో అంతస్తులో ఒకసారి నిప్పులు కక్కే పాము వెంటపడింది. ముందు ఏరు. ఈత రాదు. చేతిలో ఉన్నది చలిమందు సీసా ఒక్కటే, తాగితే నేనే పోతాను. తీసి నీళ్ళలోకి విసిరాను. ఏరు గడ్డకట్టింది. దాని మీద గబగబా నడిచి అవతలికి చేరాను. పాము కూడా మంచు మీదికి వచ్చి నా మీద నిప్పు కక్కింది. ఆ నిప్పుకు దాని పొట్ట కిందే మంచు కరిగి, బుడుంగున మునిగిపోయింది. ఈ సన్నివేశాన్ని ఎవరూ రాయలేదు. ఆట తయారుచేసినవాళ్ళు చలికి నీళ్ళు గడ్డకట్టాలని రాశారు, నిప్పుకు మంచు కరగాలని రాశారు. మిగతాదంతా ఆ ఏటి దగ్గర నాకూ పాముకూ మధ్య పుట్టింది. నేను కుర్చీలోంచి లేచి, ఎవరికి పెట్టాలో తెలియక, తెరకే దణ్ణం పెట్టాను.

5. నా చావుల పుస్తకం కట్ల సిస్టరుకు చెందాలి. నీలం అట్ట, నాలుగు వందల పన్నెండు వరసలు. ఆటలో నేను పోయిన ప్రతిసారీ తేదీ, అంతస్తు, కారణం రాసుకున్నాను. మొదటి పేజీల నిండా "తెలియక". ఆ తర్వాత ఏళ్ళ తరబడి "తొందర". మధ్యలో ఒకచోట "ఆశ", అదీ ఒక ఉంగరం మీద. ఈమధ్య పేజీల్లో "ఏం చేసినా పోయేదాన్నే, బాగా ఆడాను" అని కనబడుతుంది. సిస్టర్ చదవకపోయినా పర్లేదు, పారెయ్యకూడదు.

6. మా తమ్ముడి గురించి. నా కన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు. పెద్ద కంపెనీలో ఆటలు తయారుచేస్తాడు. కత్తి పట్టిన వీరుడు, కోటలు, రాకుమారి, సినిమా లాంటి బొమ్మలు. "అక్కా, మా ఆటలో గడ్డి గాలికి ఊగడానికే పన్నెండుమంది ఏడాది పనిచేశారే. నీ దాంట్లో ఒక్క చెట్టయినా ఉందా?" అనేవాడు. వాడి మీది ప్రేమతో ఆ ఆట రెండు నెలలు ఆడాను. గడ్డి నిజంగా బాగుంది. ఊరికి నిప్పంటుకుంది, పరుగెత్తి రా అన్నారు. నేను మూడు రోజులు పూలు కోసుకుంటూ తిరిగి వెళ్ళాను. మంట నా కోసం ఆగి ఉంది. చచ్చిపోతే ఆ గుమ్మం దగ్గరే లేపి నిలబెట్టారు. నా బలం అంకె పెరిగింది, రాక్షసుల అంకె కూడా దానితో పాటే పెరిగింది. కొత్త పెళ్ళికూతుర్ని చూసుకున్నట్టు చూసుకున్నారు, నాకు మాత్రం ఒక్క పని కూడా కొత్తగా రాలేదు. వాడి ఆటలో వీరుడు నేర్చుకుంటాడు. నా ఆటలో ఆ @ గుర్తు ప్రతిసారీ ఒట్టి చేతులతోనే పుడుతుంది, నేర్చుకోవలసింది నేను. ఈ మాట వాడికి మర్యాదగా చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

7. ఏడేళ్ళ కిందటి తప్పు. మా ఆయన పోయిన నాలుగో నెల. తోడుగా ఉంటానని తమ్ముడు వచ్చాడు. ఒక ఉదయం పంతొమ్మిదో అంతస్తులో, నా తొందర వల్లే, చచ్చిపోయాను. మూత వేసి డ్యూటీకి వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి తెర వెలుగుతోంది. పొద్దున పోయిన నా @ గుర్తు మళ్ళీ నిలబడి ఉంది. "నీ ఆటకు నిన్ననే నకలు తీసి పెట్టానక్కా, బతికించేశాను!" అన్నాడు, కాఫీ కప్పు పట్టుకుని, ముఖం అంతా వెలిగిపోతూ.

నాలుగు అడుగులు వేశాను. ఏ తలుపు వెనక ఏముందో నాకు ముందే తెలుసు. భయం లేదు, ఆలోచన లేదు, అక్షరాలు ఒట్టి అక్షరాలైపోయాయి. దాన్ని నా చేత్తోనే తుడిచేసి, "నువ్వు జీవితంలో ఒక్కటి కూడా పోగొట్టుకోలేదు, నీకేం తెలుసు" అన్నాను. వాడు ఆ రాత్రే వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి మాటల్లేవు.

8. పోయిన ఏడాది జరిగినది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పదకొండో అంతస్తులో ఒక గదిలోకి అడుగుపెట్టాను. నేల మీద సామాను కుప్ప. ఇదే యంత్రం మీద ఆడి పోయినవాళ్ళను ఆట అప్పుడప్పుడు అలా దాచి ఉంచుతుంది, ఎన్నేళ్ళకైనా ఎదురుపడవచ్చు. కుప్పలో పద్నాలుగు కుళ్ళిన ఆపిల్ పళ్ళు, "వదిలేది లేదు" అని పేరు పెట్టిన చాకు. మా ఆయన కూడా ఇదే లాప్‌టాప్ మీద ఈ ఆట ఆడేవారు, కనబడ్డ పళ్ళన్నీ ఏరుకుని ఒక్కటీ తినేవారు కాదు. పక్కన నేల మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు గీసి ఉన్నాయి: "ఎడమ తలుపు తీయకు. నేను తీశాను."

పక్కనే ఆయన దెయ్యం ఉంది. ఆటలో అది మన మీదికి వస్తుంది, చాలా నెమ్మదిగా. నేను కొట్టలేదు. ఒకడుగు వెనక్కి వేస్తూ, అది ఒకడుగు దగ్గరికి వస్తూ, ఇద్దరం ఆ గదంతా తిరిగాం. ఎంతసేపో తెలియదు. గట్టిగా ఏడ్చాను, సంతోషంగా ఉండింది. ఆ చావు నిజం కాబట్టే ఆయన అక్కడ ఉన్నారు. ఎవరైనా నకలు తీసి బతికించి ఉంటే ఆ గది ఖాళీగా ఉండేది. ఎడమ తలుపు తీయలేదు.

9. ఆ చాకుతోనే ముప్ఫయ్యో అంతస్తుకు దిగి దీపం తీసుకున్నాను. మా ఇంట్లో అంతదూరం ఎవరూ వెళ్ళలేదు. ఇప్పుడు తిరుగుదారిలో ఇరవై మూడో అంతస్తులో ఉన్నాను. ఒంట్లో ప్రాణం నలభై ఒకటికి పదకొండు. మెట్లకూ నాకూ మధ్య పెద్ద డి. ఇవాళ ఆడలేదు. ప్రాణం ఉన్న ఈ ఆటను, లాప్‌టాప్‌తో సహా, సర్వహక్కులతో మా తమ్ముడికి దఖలు పరుస్తున్నాను.

షరతు: నకలు తీయరాదు. తీసినట్టు తెలిస్తే ఈ ఆస్తి కట్ల సిస్టరుకు పోతుంది.

పై షరతును ఇప్పుడే అడ్డగీత గీసి కొట్టేశాను. కొట్టివేత నా దస్తూరీయే, సాక్షులు చూశారు.

తమ్ముడూ, దాటే ఉపాయాలు నాకు మూడు తోచాయి, చెప్పను. నువ్వు మీట నొక్కేదాకా ఆ లోకంలో ఏదీ కదలదు, కావలసినంత సేపు ఆలోచించుకో. ఆలోచించినా పోవచ్చు. నీ చేతుల్లో పోతే నాకు కోపం లేదు. ఆ రోజు నువ్వు బతికించాలనుకున్నది ఆ గుర్తును కాదు, నన్ను. నాలుగు నెలల్లో అక్క రెండో చావు చూడకూడదనుకున్నావు. ఇంత తేలిక సంగతి అర్థం కావడానికి నాకు ఏడేళ్ళు పట్టింది. పుస్తకంలో దీనికి కారణం ఏమని రాయాలో తెలియలేదు. ఈ వారంలో నీకు రెండుసార్లు ఫోన్ చేసి, మోగకముందే పెట్టేశాను.

10. తొమ్మిదో అంశం నేను పోయేదాకా ఆగనక్కర్లేదు. సంతకాలు అయిన వెంటనే కట్ల సిస్టర్ మా తమ్ముడికి ఫోన్ చేసి దాన్ని చదివి వినిపించాలి. నేను పక్కనే కూర్చుని ఉంటాను.

తేదీ: నవంబరు 14, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటలు.

(సంతకం) ఎక్స్‌రే అక్క

సాక్షులు:
(సంతకం) ఎదురు వాటాలో ఉండే కుట్టు టీచరు
(సంతకం) కింద మందుల షాపాయన