వదినకు నా కుర్చీ

నేను, దిగువ సంతకం చేసినదాన్ని, వయసు ఇరవై తొమ్మిది, గుండె చెడినా బుర్ర చెడలేదని డాక్టరుగారి చేత రాయించుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా ఆసుపత్రి మంచం మీద ఈ వీలునామా రాస్తున్నాను. ఎల్లుండి బుధవారం నాకు ఆపరేషన్. లేస్తే నేనే చింపేస్తాను. లేవకపోతే దీన్ని అమలుచేసే బాధ్యత బ్యాంకులో పనిచేసే మా పిన్నిది.

1. నా స్కూటరు పిన్నికి. వెనక బ్రేకు పట్టదు, ముందే చెబుతున్నాను.

2. చిన్న మామయ్యకు నా నల్ల గొడుగు. ఎప్పుడో తీసుకెళ్లి తన దగ్గరే ఉంచుకున్నాడు కాబట్టి అప్పగించే శ్రమ లేదు. నలుగురిలో మా అన్నయ్యను ‘జైలుపక్షి’ అని పరిచయం చేసిన మనిషికి ఇంతకంటే ఇవ్వలేను.

3. మొదలుపెట్టి వదిలేసిన కోర్సుల పుస్తకాలు ఎవరికి కావాలంటే వాళ్లకు. చివరి పేజీలు కొత్తగానే ఉంటాయి.

4. అన్నయ్య పక్కన నా కుర్చీ వదినకు. కోర్టు వెనక మేడ మీద, ఫ్యాను వేస్తే కిటికీ రెక్క కొట్టుకునే గదిలో ఉంటుందది. సైన్యం నుంచి వచ్చి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లకు అక్కడ ప్రతి బుధవారం తరగతి. వెనక నుంచి ‘ఆగు’ అని అరిచిన పార్కింగ్ కాపలామనిషిని అన్నయ్య కిందపడేసి చెయ్యి విరిచాడు. జడ్జిగారు జైలుకు బదులు ఈ తరగతి వేశారు, ఇంటిమనిషి ఒకరు పక్కన కూర్చోవాలన్న షరతుతో. కుర్చీ ఖాళీ అయితే అన్నయ్య జైలుకే. ఇది వీలునామాలో చెల్లదని లాయరుగారు అన్నారు. చెల్లకపోయినా రాస్తానన్నాను. ఈ ఒక్క అంశం నేను బతికి ఉండగానే, ఎల్లుండి నుంచే అమల్లోకి వస్తుంది.

వదినా, మాటలు చెప్తే మనిషి బాగుపడతాడా అని నువ్వు పుట్టింటికి వెళ్లిపోయావు. మొదట్లో నాకూ అలాగే అనిపించింది. కోపం రాగానే మనసులో ‘ఆగు’ అనుకోమని కౌన్సెలర్‌గారు నేర్పారు. ఆ మాటకు గదిలో అందరి భుజాలూ బిగుసుకున్నాయి. పక్క కుర్చీలోని లారీ డ్రైవరు, అతనూ మాజీ సైనికుడే, మెల్లగా అన్నాడు: “మేడమ్, కాపలాలో ఆ మాట అన్నాక మాకు మిగిలేది కాల్చడమే.” ఆవిడ బోర్డు తుడిచేసి, ఎవరి మాట వాళ్లే తెచ్చుకోమన్నారు.

అన్నయ్య చాలా వారాలు ఉత్త చేతులతోనే వచ్చాడు. ఒకరోజు “తిన్నావా” అన్నాడు. అందరూ నవ్వారు. సరిహద్దు నుంచి ఫోన్ చేస్తే లైను తెగేలోపు వినబడేది ఆ ఒక్క ముక్కేనట. అప్పట్నుంచి పిడికిలి బిగిసినప్పుడల్లా అదే అడుగుతున్నాను. జవాబు వెతుక్కునేసరికి వేళ్లు విడతాయి. వెనక నుంచి అడగకు, ఎదురుగా నిలబడి అడుగు.

ఆ ఫోన్ ఎత్తింది నువ్వు, వదినా. మాట నీదే. ఇన్నాళ్లూ నేను అరువు తెచ్చుకున్నాను.

5. నా గొలుసు కూడా వదినకే. లంచం అనుకున్నా సరే.

లాభం పొందేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదట, అందుకే అన్నయ్యను పిలవలేదు. పొద్దుట్నుంచీ గది బయట, గోడకు ఆనుకోకుండా నిలబడే ఉన్నాడు. సంతకాలయ్యాక ఎవరైనా వెళ్లి అడగండి.

మార్చి 9, సోమవారం
(సంతకం) ఆడపడుచు

సాక్షులు:
1. వార్డు నర్సు
2. లారీ డ్రైవరు. ఎదురుగా నిలబడే అడిగాను. ఇంకా తినలేదన్నాడు.