ఉప్పునీళ్ళ సూది గెలిచింది

తమ్ముడికి అన్న రాసేది. నేను దేనికీ పనికిరానని నీ గృహప్రవేశం నాడు పదిమంది ముందు అన్నావు. ఇన్నేళ్ళయినా ఆ మాట నాకు ముల్లులాగే గుచ్చుతోంది. ఇప్పుడు విను.

నడుం చుట్టూ బొబ్బలు లేచి మండే సర్పికి కొత్త టీకా పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఆస్పత్రివాళ్ళు మాలాంటి ముసలాళ్ళని పిలిచారు. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికేదో డాక్టరమ్మకీ తెలీదు. పక్కింటి దర్జీకి చెయ్యి వాచింది, నాకు ఏమీ కాలేదు. "నీది ఉప్పునీళ్ళే పెద్దాయనా, ఊరికే కాళ్ళరగదీసుకుంటున్నావు" అని వాడు వెక్కిరించినా, ఆస్పత్రివాళ్ళు పిలిచినప్పుడల్లా వెళ్ళడం నేను మానలేదు.

నిన్న గుట్టు విప్పారు. నాది ఉప్పునీళ్ళే! దర్జీ పగలబడి నవ్వాడు. డాక్టరమ్మ వాడితో, "ఈయనలాంటివాళ్ళు చివరిదాకా రాకపోతే, మీ మందు పనిచేసిందని ఎవరితో పోల్చి చెప్పేదాన్ని?" అంది. వెంటనే నాకూ అసలుది పొడిచారు. ముసలి ఒంటిని తట్టిలేపే సరుకేదో అందులో కలిపారట. ఇవాళ నా చెయ్యీ వాచింది, నొప్పి కూడా హాయిగా ఉంది.

చిన్నప్పుడు మనిద్దరికీ ఒకే మంచం మీద ఆటలమ్మ పోసింది కదా, ఆ పురుగే ఒంట్లో దాక్కుని ముసలితనంలో సర్పిగా లేస్తుందట. నీకూ వేస్తామని డాక్టరమ్మ ఒప్పుకుంది. సూదంటే బల్లకింద దూరకుండా బయలుదేరు. నా గొడుగు నీ దగ్గరే ఉంది, తీసుకురా. మరదలి మోకాలు తగ్గిందా? పిల్లలకి నా దీవెనలు.

శుక్రవారంలోగా జవాబు రావాలి. మా అన్న పనికొచ్చాడు అని అందులో మొదటి ముక్కగా రాయి.