ట్రంకు పెట్టెలో కాగితం

ముత్తియాల్‌పేట,
7 జూన్ 2005

తమ్ముడు జగన్నాథన్‌కి,

నిన్న సభలో బాగానే కనిపించావు, కాబట్టి బాగున్నావా అని అడగను. మన ఇంట్లో తెలుగు చదివేది ఇప్పుడు మనిద్దరమే. నీ పిల్లలు చూస్తారన్న బెరుకు లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మాజీ మంత్రివి, ఐరోపా గురించి మాట్లాడావు. ఫ్రాన్సు జనమే ఐరోపా రాజ్యాంగం వద్దని ఓటేశారు, ఇక ఆ ఖండం పని అయిపోయింది, పెత్తనం చైనాకూ మనకూ వస్తోందన్నావు. కావచ్చు. ఫ్రెంచి పౌరురాలిగా ఆ ఓటు వేసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎందుకు వేశావని నువ్వు అడగలేదు. తర్వాత, "నాకిది అరవై రెండులోనే తెలుసు. ఫ్రెంచి కాగితం వద్దన్నాను. మా బావకి ఆ తెలివి యాడుంది?" అన్నావు. మూడో వరసలో ఉన్న నన్ను చూసి మరీ అన్నావు. హాలంతా నవ్వింది.

మీ బావ ముకుందన్ పోయి ఇంకా రెండేళ్లు కాలేదు.

అరవై రెండులో ఫ్రాన్సు మన ఊరిని ఇండియాకి పూర్తిగా అప్పగించినప్పుడు, ఫ్రెంచి పౌరులుగానే ఉండదలచినవాళ్లు రాసివ్వడానికి ఆరు నెలలు గడువిచ్చారు. నువ్వూ రాశావు. ఆఖరి రోజు "నాది కూడా ఇచ్చేసి రా బావా" అని ఆయన చేతిలో పెట్టావు. అది చేరలేదు. పోగొట్టాడని నలభై ఏళ్లు మా గడప తొక్కలేదు. ఆయన శవం లేచినప్పుడు కూడా వీధిలోనే నిలబడ్డావు.

ఆయన పోగొట్టలేదు. ఇవ్వొద్దన్నది నేను. ఆయన ఫ్రెంచి సైన్యంలో సిపాయి, ఎక్కడికి పంపితే అక్కడికి మేమిద్దరం పోవాలి. నువ్వూ పోతే అమ్మ దగ్గర ఎవరుంటారని ఏడ్చాను. "ఏందే ఇది, మీ తమ్ముడు నన్ను చంపుతాడు" అన్నాడు. అంతే, చచ్చేదాకా బయట పెట్టలేదు. నువ్వు ఇండియా పౌరుడివై, మంత్రివై, దాన్ని ముందుచూపు అంటున్నావు. నీ ముందుచూపు ఆయన ట్రంకు పెట్టెలో, మిలిటరీ కోటు కింద ఉంది. ఆ కాగితం దీంతో పంపుతున్నాను. సంతకం నీదేనా చూసుకో.

నీ అక్క
భువనేశ్వరి

లాస్‌పేట,
10 జూన్

అక్కా,

సంతకం నాదే.

అది చేరలేదని నాకు ఆ రోజే తెలుసు. ఆఫీసుకి ఎదురుగా టీకొట్లో కూర్చున్నాను. బావ తనది ఇచ్చి, నాది మడిచి జేబులో పెట్టుకోవడం తలుపులోంచి కనిపించింది. మూయడానికి ఇంకా గంట ఉంది. రోడ్డు దాటితే చాలు. దాటలేదు. ఏ దేశం నిలుస్తుందో నాకేం తెలుసు? ఎటు పోయినా తప్పు ఇంకొకరిదైతే చాలనుకున్నాను. మొదట కోపం నటించాను. తర్వాత అలవాటైంది.

ఆదివారం మళ్లీ అదే హాల్లో మాట్లాడమన్నారు. నువ్వు పంపిన ఈ కాగితం అక్కడ చదువుతాను. నువ్వు రావాలి.

జగన్నాథన్

ముత్తియాల్‌పేట,
11 జూన్

జగన్నాథా,

నేను రాను. హాలుకి నువ్వు ఎటూ పోతావు, అది నీకు కష్టం కాదు. దానికి ముందు మా ఇంటికి రా. వీధిలో నిలబడకు. లోపల ఆయన ఫోటో ఉంది, అక్కడ చదువు. నేను టీ ఇవ్వను.

భువనేశ్వరి