గోడ మీద వెలుగుచుక్క

మామా,

నీ మేనకోడలు ఇప్పుడు ప్రొద్దుటూరు కాలేజీలో పాఠాలు చెప్తాంది. ఇయ్యాల మా కాలేజీకి ఒక సైంటిస్టు వచ్చి, నువ్వు జమ్మలమడుగు ఇంట్లో వెతికినదానికి జవాబు చెప్పి పోయినాడు. అందుకే రాస్తాండా.

ఎండకు కాగిన గాలి రోజూ సముద్రం మాదిరి పొంగి తగ్గుతాదంట. ఆ పోటు పైకెక్కి నూరు కిలోమీటర్ల ఎత్తులో కరెంటు పారిస్తాదంట. మనకు దక్షిణాన, భూమి అయస్కాంతానికి నడిమిగీత మీద, మధ్యాహ్నప్పుడు శానా జోరంట. కింద మన అయస్కాంతం రవ్వంత తిరిగేది ఆ కరెంటుకే.

నువ్వు అయస్కాంతాన్ని మగ్గం పట్టుపోగుతో సీసాలో వేలాడదీసి, దానికి అద్దంముక్క అతికించి, బ్యాటరీ లైటు వేసేవాడివి. గోడ మీద వెలుగుచుక్క మధ్యాహ్నానికి గోరంత జరిగేది. గాలి తగలకూడదని తలుపులు మూసేవాడివి. ఆ ఫ్యాక్షన్ రోజుల్లో మూసిన తలుపుల వెనక సీసా ఉందంటే, నాటుబాంబులే అనుకున్నారు.

"ఏ పార్టీకి బాంబులు చుడ్తాండావు సార్?" అని ఫ్యాక్షనోళ్లు ఇద్దరొచ్చి అడిగిపోయినారు.

"సీసా చూపిస్తే వాళ్లకే అర్థమవుతాది. సాయంత్రానికి వస్తా" అని అత్తతో చెప్పి, సీసా సంచిలో పెట్టుకొని వాళ్ల పల్లెకు పోయినావు. సీసా కూడా తిరిగి రాలేదు.

"జరిగిన చుక్క మళ్లీ వస్తాదా సార్?" అని సైంటిస్టును అడిగినా, తెలిసే అడిగినా.

"పొద్దు వాలితే పైన కరెంటు తగ్గిపోతుందమ్మా. సాయంత్రానికి దాని చోటికి అది వచ్చేస్తుంది" అన్నాడు.

పులివెందులలో ఉన్న అత్తకు ఫోను చేసి అంతా చెప్పినా. ఆ చివరి మాట మాత్రం చెప్పలేదు.