ఎడమ పక్క సున్నపు గీత

హైదరాబాద్,
7 ఫిబ్రవరి 1999, ఆదివారం.

చిరంజీవి మహేందర్‌కు,

కాలేజీ పీడీ సారు గోవిందప్ప దీవించి రాస్తున్నది. నువ్వూ, ఊళ్లో మీ అమ్మానాయనలూ చల్లగా ఉండాలి. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం మర్యాద కాబట్టి రాశాననుకో. నిజానికి వారం నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఫుట్‌బాల్‌లో ఓడిపోయి పస్తులుండే మనిషిని ఎక్కడా చూడలేదని మా ఇంట్లో సరోజమ్మ రెండు పూటలా దెప్పుతోంది. ఓడిపోయినందుకు కాదన్నాను. మరెందుకని అడిగింది. ఆమెకు చెప్పడానికి నోరు రాలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

కవరు మీద నా దస్తూరి చూడగానే చించి పారేయాలనిపిస్తుంది నీకు. చించు, వద్దనను. కానీ చదివి చించు. అక్టోబరులో జట్టు మొత్తం ముందర నిన్ను నిలబెట్టి నానా మాటలూ అన్న మనిషినే నేను. ఆ మాటలు ఒక్కటీ మరిచిపోలేదు.

ముందు కబురు చెబుతాను. జనవరి ముప్పైన నగరంలో స్టేడియంలో సెమీ ఫైనల్ ఆడాం. ఐదు గోల్స్ తేడాతో ఓడిపోయాం. మనవాళ్లు ఒక్క గోలు కూడా వేయలేదు. నేను బెంచీ మీద నోరు వెళ్లబెట్టుకొని కూర్చున్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో ఓటములు చూడలేదని కాదు. కానీ ఇది ఓటమిలా లేదు అబ్బీ. మన పిల్లలకు ఆట రానట్టు, ఎవరో పిలిస్తే దారిన పోతూ వచ్చి నిలబడినట్టు ఉంది.

జూలైలో వరండాలో నల్లబల్ల మీద నేను వేసిన ఎటాక్ ప్లాను నీకు గుర్తుండే ఉంటుంది. ఎడమ పక్క నువ్వు, కుడి పక్క అనిల్. బంతిని మధ్యలో పెట్టుకొని కుమ్ములాడకుండా గీతల వెంట పరుగెత్తాలి. అవతలివాళ్లను అటూ ఇటూ సాగదీయాలి. చివరి నుంచి బంతిని ఎత్తి గోలు ముందుకు వేస్తే దినేష్ తలతో కొట్టాలి. ఆ ప్లాను మొత్తం నీ ఎడమ కాలి మీదే కట్టాను. అలాంటి కాలు నాకు సర్వీసులో రెండోసారి దొరకలేదు. ఈ మాట నీకు అప్పుడు చెప్పలేదు. పొగిడితే పిల్లలు పాడవుతారని నాకొక పిచ్చి నమ్మకం.

ఆగస్టు చివరికి ఆ ప్లాను చెడిపోయింది. నువ్వు పరుగు తీశావంటే గీత దాటడమే. బంతి ఎత్తావంటే గోలు అవతల పడడమే. నాకా మోకాళ్ల నొప్పులు, వరండా మెట్లు దిగేవాణ్ణి కాదు. కుర్చీలో కూర్చుని కాగితం మీద గీతలు గీసుకున్నాను. అక్టోబరులో ఒక సాయంత్రం నలభై బంతులు నీకిస్తే ముప్పై ఒకటి బయటికి పోయాయి. కుడి పక్క అనిల్‌వి కూడా పోతున్నాయి గానీ నీ అంత కాదు. నువ్వు వాడికంటే వేగం కదా, వాడికంటే ముందే గీత వచ్చేది. ఈ చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు చూడు.

ఆ రోజే అన్నాను, కాళ్లు తెచ్చుకున్నావు గానీ కళ్లు ఊళ్లో పెట్టి వచ్చావా అని. గీత ఎక్కడుందో కనపడనివాడు వింగ్‌లో ఆడడానికి పనికిరాడన్నాను. పిల్లలు నవ్వారు. నువ్వు తల వంచుకొని, సరే సార్ అన్నావు. అంతే. నాకు దానికీ కోపం వచ్చింది, పొగరనుకున్నాను. మర్నాడు జట్టు జాబితాలోంచి నీ పేరు కొట్టేసి సంతకం పెట్టాను. స్పోర్ట్స్ కోటా పోతే హాస్టల్ సీటు పోతుందని, హాస్టల్ పోతే నీ చదువే ఆగిపోతుందని తెలియక కాదు. తెలిసే పెట్టాను.

నువ్వు పోయాక కొత్త ప్లాను వేశాను. రెక్కలు వద్దు, మధ్యలోంచే దూసుకుపోదాం. ముగ్గురు ఫార్వర్డులు దగ్గర దగ్గరగా ఉండి, చిన్న చిన్న పాసులతో లోపలికి చొచ్చుకుపోవాలి. ఏం చెప్పను, నెల రోజుల్లో గడియారంలా ఆడడం మొదలుపెట్టారు. గ్రూపు మ్యాచులు మూడూ మన గ్రౌండులోనే పడ్డాయి. మూడూ గెలిచాం. ఒక కాలేజీ నుంచి వచ్చిన కోచ్ సీతారామయ్య గారు పోతూ పోతూ, మీ గ్రౌండు భలే ముద్దుగా ఉందండీ అన్నారు. గడ్డిని మెచ్చుకుంటున్నాడనుకొని ఆయనకు టీ కూడా పోయించాను.

స్టేడియంలో మొదటి పది నిమిషాల్లోనే ఆట చేయి జారింది. దినేష్ పాస్ ఇస్తే అందుకోవడానికి పక్కన మనవాడు లేడు. ఉన్నవాడు ఎక్కడో ఉన్నాడు. బంతి సగం దూరంలో ఆగేది, అవతలివాడు తీసుకుపోయేవాడు. తీసుకుపోయి ఏం చేశాడనుకున్నావు? గీత వెంట, మనిషన్నవాడు అడ్డం లేకుండా పరుగెత్తి, చివరి నుంచి ఎత్తి గోలు ముందుకు వేశాడు. ఇంకొకడు తలతో కొట్టాడు. అబ్బీ, అది నా ప్లానే. నీ మీద కట్టిన జూలై ప్లాను. దాన్నే నా కళ్లెదుట ఐదుసార్లు నా మీద ఆడారు.

ఆట అయ్యాక దినేష్ ఏడుస్తూ వచ్చి, ఈ గ్రౌండు పెద్దగా ఉంది సార్, మనది ఇంత లేదు అన్నాడు. వాడి మీద కస్సుమన్నాను. ఓడినవాడికి గ్రౌండంతా ఎడారిలాగే కనిపిస్తుందన్నాను. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆ మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. మర్నాడు ఆదివారం, కాలేజీకి పోయాను. మోకాళ్లు పట్టుకొని మెట్లు దిగి, ఈ గీత నుంచి ఆ గీత దాకా అంగలు వేస్తూ నడిచాను. డెబ్బై ఐదు రావాలి. యాభై నాలుగు వచ్చాయి.

తప్పు లెక్కపెట్టాననుకొని మళ్లీ నడిచాను. యాభై నాలుగే.  అక్కడే, ఆ సున్నపు గీత మీదే కూలబడ్డాను. ప్యాంటు నిండా సున్నం. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

ఎడమ పక్క ఏముందో నీకు తెలుసు. కొత్త కంప్యూటర్ బ్లాకు కడుతున్న కూలీల గుడిసెలు. ఆగస్టులో నాలుగే ఉండేవి, నేను వరండాలోంచి చూశాను. ఇప్పుడు పద్నాలుగు. టార్పాలిన్లు, పొయ్యిలు, ఆరేసిన చీరలు, ఇసుక కుప్పలు. వాటి మధ్యలోకి పోయి వెతికితే మన గ్రౌండు పాత మూలరాయి దొరికింది. దాన్ని పొయ్యికి మూడో రాయిగా పెట్టి ఎవరో పప్పు ఉడకేస్తున్నారు.

గ్రౌండు చూసే కిష్టయ్యను పిలిచి అడిగాను. అతను తొణకలేదు, బెణకలేదు. అవును సార్, నేనే జరిపిన, పిల్లలు తిరుగుతుంటరు గద, బంతి తగుల్తదని జర లోపలికి గీసిన అన్నాడు. కొత్త గుడిసె పడినప్పుడల్లా రెండంగలు లోపలికి. గీత ఒక్కటే జరిపితే గోలు పోస్టులు పక్కకు వచ్చినట్టు కనబడతాయని, వాటిని కూడా పీకి మధ్యకు పాతాడట. ఎంత పద్ధతిగా చేశాడో చూడు. అందుకే నాకు ఏనాడూ అనుమానం రాలేదు. నేను వరండాలో కూర్చుని నల్లబల్ల మీద బాణాలు గీస్తుంటే, అక్కడ నా గ్రౌండు వారం వారం చిక్కిపోయింది.

నా నోరు నీకు తెలుసు కదా. అక్కడే కిష్టయ్యను చెడామడా తిట్టాను. ఒక పిల్లాడి బతుకు పాడు చేశావన్నాను. మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గరికి ఈడ్చుకుపోయాను. మెమో ఇచ్చారు. పర్మనెంటు కానివాడు, పని పోవచ్చు. పోనీ అనుకున్నాను. అంత మంటగా ఉంది నాకు.

ఇప్పుడు అసలు విషయం. ఇరవై రెండు, సోమవారం పొద్దున ఎనిమిదింటికి యూనివర్సిటీ జట్టు సెలెక్షన్. కాలేజీ తరఫున నీ పేరు పంపాను. ఆ జట్టులోకి వస్తే హాస్టల్ సీటు తిరిగి ఇస్తామని ప్రిన్సిపాల్ చేత రాయించి తీసుకున్నాను. రాకపోతే ఇంకో దారి నా దగ్గర లేదు. నువ్వు నాలుగు నెలలుగా బంతి ముట్టలేదని దినేష్ చెప్పాడు. రెండు వారాలుంది. గచ్చిబౌలిలో ఒక గ్రౌండు మాట్లాడాను, పొద్దున ఆరు నుంచి ఏడు దాకా మనదే. అది పూర్తి వెడల్పు. నేనే టేపు పట్టి కొలిచాను.

మాదాపూర్‌లో ఆ గుండ్రటి పెద్ద భవనం గేటు దగ్గర నువ్వు సెక్యూరిటీ యూనిఫాంలో ఉంటున్నావని కూడా దినేషే చెప్పాడు. మొన్న గురువారం నేను వచ్చాను. రోడ్డుకు ఇవతల ఆటోల పక్కన నిలబడి చూశాను. కార్లు ఆపి, అద్దం దించమని, పుస్తకంలో రాసుకుంటున్నావు. పిలుద్దామనుకున్నాను. పిలవకుండానే ఆటో ఎక్కి వచ్చేశాను. అందుకే నిజాంపేటలో నీ కిరాయి గది అడ్రసుకు ఈ ఉత్తరం.

నన్ను క్షమించమని అడగడం నాకు రాదు. మా ఇంట్లో ఎవరికీ రాదు. రాసి చూశాను, ఇదిగో రాశాను. తప్పు నాది, క్షమించు నాయనా.

సదా నీ మేలు కోరే,
కె. గోవిందప్ప,
ఫిజికల్ డైరెక్టర్.

తా.క. 9వ తేదీ, మంగళవారం.

ఈ కవరు ఇంకా నా జేబులోనే ఉంది. నిన్న స్టాంపు అంటించి పోస్టుకు పోతుంటే గుడిసెల్లోంచి ఎల్లమ్మ అని ఒకామె నా గదికి వచ్చింది. చంకలో మూడేళ్ల పిల్ల, పేరు మమత. కిష్టయ్యను పనిలోంచి తీస్తున్నారటగా, ఆయన తప్పేం లేదు సార్ అంది. పిల్ల లంగా పైకెత్తి కాలు చూపించింది. మోకాలి నుంచి పాదం దాకా కాలిన మచ్చ.

ఆగస్టులో నీ బంతి వచ్చి ఆమె పొయ్యి మీద గంజి కుండకు తగిలిందట. గంజి పిల్ల కాలి మీద పడిందట. పిల్లను భుజాన వేసుకొని దవాఖానకు పరుగెత్తింది నువ్వేనట. మర్నాడు పొద్దున్నే గ్రౌండుకు వచ్చి, గీత లోపలికి జరపమని కిష్టయ్యను బతిమాలింది నువ్వట. నువ్వున్నన్నాళ్లూ కొత్త గుడిసె పడినప్పుడల్లా తాడు పట్టుకొని గీత గీయించింది నువ్వు. గోలు పోస్టులు పీకి పాతింది మీరిద్దరూ. కిష్టయ్య నా ముందర, ప్రిన్సిపాల్ ముందర నీ పేరు ఎత్తలేదు.

మహేందర్, నాలుగు పేజీలు నింపి నీకు నేను చెబుతున్నది ఏమిటి? నీకు మొదటి రోజు నుంచీ తెలిసినదే. ముప్పై ఒక్క బంతులు ఎందుకు బయటికి పోయాయో ఆ సాయంత్రం నీకు తెలుసు. కళ్లు ఊళ్లో పెట్టి వచ్చావా అని నేను అంటున్నప్పుడు తెలుసు. జాబితాలో పేరు కొట్టేసినప్పుడు, ట్రంకు పెట్టె ఎత్తుకొని హాస్టల్ గేటు దాటినప్పుడు కూడా తెలుసు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే అయిపోయేది.

మరి ఎందుకు చెప్పలేదని ఎల్లమ్మను అడిగాను.  మేము చెప్పుమనే అన్నం సార్, ఆ పిల్లగాడే వద్దన్నడు, మా సార్‌కు జర కోపం ఎక్కువ, ఎరుకైతే ఇగ పొద్దూకే లోపల మీ గుడిసెలు పీకిస్తడు అన్నడు అని చెప్పింది.

కిష్టయ్యకు ఇప్పించిన మెమోను ఈ రోజు నేనే పోయి రద్దు చేయించాను. అతని ఇంటికి పోయి గడపలో నిలబడ్డాను. కట్టడం పూర్తయ్యేదాకా గుడిసెలు, గీత ఎక్కడున్నవి అక్కడే ఉంటాయని ప్రిన్సిపాల్‌కు కాగితం రాసిచ్చాను. సెలెక్షన్ రోజు నేను గ్రౌండు దరిదాపుల్లో ఉండను, నా మొహం చూడాల్సి వస్తుందని మానుకోవద్దు.

ఇక ఒక్కటే మిగిలింది. నిన్నటి నుంచి నన్ను నేను అడుగుతున్నాను, అక్టోబరులో నువ్వు నిజం చెప్పి ఉంటే ఏం చేసేవాణ్ణని. నాకు అబద్ధం చెప్పుకోవాలని ఎంతో ఉంది. కానీ నువ్వు నన్ను సరిగ్గానే చదివావు. ఆ సాయంత్రమే గుడిసెలు పీకించేవాణ్ణి.

అయినా సరే, రా నాయనా.