బొటనవేలి చదువు

అక్కా, నేను కులాసా, నువ్వు బెంగపడ్డంతగా చిక్కిపోలేదు.

నిన్న మా నీటి సరఫరా ఆఫీసుకు ఇంగ్లీషులో అర్జెంటు ఉత్తరం వస్తే, సారం రాసిమ్మని నాకిచ్చారు. ‘సబ్‌టెరేనియన్’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. డిక్షనరీ బీరువాలో ఉంది, తాళంచెవి సెలవులో ఉన్న ఆఫీసరు దగ్గరుంది. అప్పుడు మన ఇస్త్రీ బల్ల గుర్తొచ్చింది. ఒక చొక్కా మడత పూర్తయ్యేలోగా నాకో మాట విప్పి చెప్పేదానివి. “ముందు ముక్క బొటనవేలితో మూసి, మిగిలినదాని మొహం చూడవే. అప్పటికీ తెలియకపోతే పక్క మాటల్ని అడుగు, ఇరుగుపొరుగుకి తెలియనిదుంటుందా” అనేదానివి. అలాగే ‘కింద’ అని అర్థమిచ్చే ‘సబ్’ మూశాను. మిగిలినదాంట్లో ‘టెరా’ కనబడింది, నువ్వు చెప్పిన నేల. పక్కన గొట్టం, లీకు ఉన్నాయి. నేల కింద గొట్టం పగిలిందని రాసిచ్చాను.

పొద్దున్నుంచీ స్టాంపులు కొట్టిన చెయ్యి కదా, ఉత్తరం మీద నా వేలిముద్ర పడింది. “ఇంత చదివి వేలిముద్రేంటమ్మా, ఎవరు నేర్పారు?” అన్నాడు హెడ్ క్లర్కు. “మా అక్కండీ, నన్ను చదివించడానికి పదితో మానేసింది” అన్నాను.

నాన్న దగ్గు తగ్గిందా? ఇస్త్రీపెట్టె పిడి మార్పించు, చెయ్యి కాల్చుకోకు. నువ్వు మాటలు రాసిన అట్టల్ని చొక్కాల్లో పెట్టి ఇచ్చేయకు, అవి నాకు కావాలి. పది తర్వాత నువ్వు రాయాల్సిన పై పరీక్ష ఫారం వేరే కవరులో పంపాను. బావకు నమస్కారాలు, పాపకు ముద్దులు.

కింద నా బొటనవేలు ఒత్తాను, చూసి నవ్వుకో. ఆ ఫారం మీద మాత్రం నువ్వు సంతకం పెట్టాలి.

నీ చెల్లెలు