టేపు కింద చీటీ

ప్రభువునందు ప్రియమైన చెల్లె నాగరాణికి,

జహీరాబాదు నుంచి యాకోబు వందనాలు. దేవుని కృపవల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. బీదరులో నువ్వూ, మేనల్లుడు వికాసూ అలాగే ఉండాలని రెండు పూటలా ప్రార్థిస్తున్నాను. వదిన మోకాళ్ల సంగతి అడిగావు. నడుస్తుంది, మెట్లు మాత్రం ఎక్కదు. అల్లం తవ్వుతున్నారు, నీకొక సంచి తీసిపెట్టాం.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో నా గొంతు లేస్తుంది. గొంతు లేస్తే నేను ప్రసంగమే చేస్తాను. అందుకే ఈ కాగితం.

పడవ సంగతి మూడోసారి అడిగావు. పాత వైర్లన్నీ మార్చి, నీ పెనిమిటి మాణిక్ బావ పేరు మీద మళ్లీ సింగూరు నీళ్లలో తిప్పాలని నీ కోరిక. ట్రాక్టరున్న విరూపాక్ష దాన్ని ట్రాలీ మీద నా వైరింగు దుకాణానికి తెచ్చిపెట్టాడు. టీ కొట్టు నర్సింలు చూసి, "ఏం యాకోబన్నా, నోవహు లెక్క ఓడ పని పట్టినవా? వాన గురించి మాకు జర ముందుగాల చెప్పు" అన్నాడు. నేనూ నవ్వాను. అప్పటికింకా అడుగు పలకలు ఎత్తలేదు.

ఎత్తాక, పడవలోకి చేరిన నీళ్లు బయటికి తోడే మోటారుకు వెళ్లే వైరుకు ఒక జాయింటు కనిపించింది. రాగి పచ్చబడి, పొడిపొడిగా రాలి, విడిపోయి ఉంది. టేపు విప్పితే లోపల ప్లాస్టిక్ ముక్కలో చుట్టిన చీటీ. యెషయా 43:2. నీళ్లు దాటేటప్పుడు నీకు తోడుంటానని దేవుడన్న బైబిలు వాక్యం. నా చేతిరాత.

ఏ ఇంట్లో వైరింగ్ చేసినా చివర ఒక వాక్యం చీటీ పెట్టి మూయడం నా అలవాటని నీకు తెలుసు. బావ పడవకు వైరింగ్ చేసిన రోజు ఆ జాయింటుకు టంకం వేయాలి. సామాను సంచిలోనే ఉంది. చిరాగ్‌పల్లిలో నా ప్రార్థన కూటం వేళ దాటిపోతోందని వైరును చేత్తో మెలిపెట్టి, టంకం ఉండాల్సిన చోట వాక్యం పెట్టి లేచాను. బావ అన్నాడు: "జర ఆగు బావా, కిందికి నీళ్లొస్తయి గదా." నీకు విశ్వాసం లేదా అని గద్దించాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

నిరుడు బావ మునిగిపోయిన ఆ సాయంత్రం పడవలో నీళ్లు నిండుతుంటే, ఆ మోటారు స్విచ్ ఎన్నిసార్లు వేసి ఉంటాడో చెల్లె.

పడవలో దొరికిన సారా సీసా చూసి సమాధి దగ్గర నేనేం చేశానో నీకు చెప్పనక్కరలేదు. గొయ్యి పూడ్చకముందే బైబిలు ఎత్తిపట్టి, తాగుబోతు అంతం చూడండి అన్నాను. నువ్వు నా చొక్కా పట్టుకుని, "అది బ్యాటరీల పోసే నీళ్ల సీస అన్నా. ఆయన ముట్టక రెండేండ్లాయె" అన్నావు. దుఃఖంలో మాట్లాడుతున్నావు, కూర్చో అన్నాను. వికాస్ అప్పుడే లేచి వెళ్లిపోయాడు. ఇప్పటికీ తండ్రి పేరు ఎత్తనివ్వడని రాశావు. వాడి తండ్రి ప్రాణం తీసింది నా తొందర. తండ్రి పేరును తీసింది నా నోరు.

తప్పు చేసిన దావీదు రాజుకు నాతాను ప్రవక్త వేలు చూపించి, ఆ మనిషివి నువ్వే అన్న చోటు మీద ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. ఆ వేలు ఎప్పుడూ ఎదుటివాళ్ల వైపే చూపించాను.

ఈ ఆదివారం చేతిలో బైబిలు లేకుండా సంఘం ముందు నిలబడి ఇదంతా చెబుతాను. ముందు నీకు చెప్పాలి కనుక రాస్తున్నాను. క్షమించమని అడగను. ఆ మాటకు నా దగ్గర వాక్యాలు చాలా ఉన్నాయి. అవి నీ మీద వాడను.

వైర్లన్నీ మార్చాను. ప్రతి జాయింటుకూ టంకం పెట్టి, నీళ్లు అందని ఎత్తులో కట్టాను. చీటీ ఎక్కడా పెట్టలేదు. పలకలు మూయలేదు, స్విచ్ వేయలేదు. వికాస్ వచ్చి ప్రతి జాయింటూ లాగి చూసుకుని, వాడే వేయాలి.

ఆ పాత చీటీ ఈ ఉత్తరంలోనే పెట్టాను. వాడికి చూపించు. వాళ్ల నాయిన ఆ రోజు తాగలేదని చెప్పు.

ఇట్లు,
ఇంకా అన్నా అని పిలుస్తావో లేదో తెలియని
యాకోబు